ఉగ్గుగిన్నెడు నీళ్ళు

మంగళ, గురు, శనివారాలు వచ్చాయంటే ఉదయం ఆరున్నరకల్లా డ్రైవరు ఆసుపత్రి రెండో అంతస్తు డయాలసిస్ వార్డులో, బరువు చూసే మిషను ముందు నిలబడి ఒళ్ళు దులుపుకోవాల్సిందే. బస్సు తోలడం మానేసి ఆరేళ్ళయినా అందరికీ అతను డ్రైవరే. దులిపినకొద్దీ చొక్కా మడతల్లోంచి, చెవుల వెనకనుంచి, చివరికి కనుబొమల్లోంచి కూడా ఇసుక రాలేది.

"జేబులు కూడా తిరగెయ్యండి," అనేది సిస్టరు. "మొన్న మీ పావుకేజీ ఇసుకని నీళ్ళనుకుని ఒంట్లోంచి లాగేశాను. పిక్కలు పట్టేసి వార్డంతా వినబడేలా మూలిగారు, మర్చిపోయారా?"

ఫోనులో ఆటలాడినవాళ్ళ ఒంటికి ఆ ఆట కాస్తో కూస్తో అంటుకుని రావడం ఆ వార్డులో వింతేం కాదు. డయాలసిస్ మిషనుకి కట్టేస్తే నాలుగు గంటలు ఒక చెయ్యి కదపకూడదు. రెండో చేతిలో ఫోను తప్ప ఏం పట్టుకుంటారు? అలా మొదలైంది ఆటల పిచ్చి. ఆ తర్వాత ఇళ్ళదాకా పాకింది. గడియారాలు బాగుచేసే ఆయన ఆడేవి యుద్ధాలు. ఆయన వచ్చాడంటే మెట్ల దగ్గర్నుంచే పొగవాసన, జేబుల్లో ఖాళీ తూటాలు. జేబులో ఉన్నవి ఆట లోపలికి పోవడం కూడా మామూలే. పాపం, మూడు స్క్రూడ్రైవర్లు యుద్ధంలో పోగొట్టుకున్నాడు. లెక్కల టీచరమ్మది తోట ఆట. సంచీ నిండా టమాటాలు తెచ్చేది. కిడ్నీలు పోయినవాళ్ళు టమాటా ముట్టకూడదు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడన్నట్టు, ఆవిడ పంటంతా లిఫ్టు నడిపే ఆయన ఇంటికి పోయేది.

సూదులు గుచ్చి, మిషన్లు తిప్పాక, మొదటి గంట కబుర్లది. మొన్నటినుంచి ఎవరేం ఆడారో ఒక్కొక్కరే చెప్పాలి. దానికి రెండే రెండు కట్టుబాట్లు. ఆట చివర ఏమవుతుందో చెప్పకూడదు. ఇంకొకరికి ఆడాలనే ఆశ చచ్చిపోతే ఆ పాపం ఎవరిది? రెండోది సిస్టరు పెట్టింది, గోడమీద ఎర్రసిరాతో రాసింది: "ఆటల్లో ఏమీ తాగరాదు."

అది రాయడానికి కారణం నాలుగో నంబరు కుర్చీలో కూర్చునే పొడుగాయన. చేపలు పట్టే ఆట ఆడేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆటలోని ఏటి ఒడ్డున కూర్చుని, దాహం పట్టలేక, దోసిళ్ళతో కడుపు నిండా తాగేశాడు. మంగళవారం ఉండాల్సినదానికన్నా ఐదు కేజీలు ఎక్కువ తూగాడు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఎక్కాయి. మిషను పెట్టేలోపే అయిపోయింది. పోయేముందు అతని మొహం ఎంత ప్రశాంతంగా ఉందో డ్రైవరు చూశాడు. చూడకుండా ఉన్నా బాగుండేది.

కిడ్నీలు పోతే తాగిన నీళ్ళు బయటికి పోవు, అందుకే వాళ్ళకి రోజుకి అరలీటరు నీళ్ళు. అందులోనే కాఫీ, అందులోనే మాత్రలు, అందులోనే ప్రాణం. టీచరమ్మ తన కూతురి చిన్నప్పటి ఉగ్గుగిన్నెతో కొలుచుకుని తాగేది. అంచు దగ్గర సొట్టపడ్డ స్టీలుగిన్నె అది. ఆర్నెల్ల కిందట ఎక్కడో పోయింది. "చేతిలో ఉన్నది చేతిలోనే మాయమైంది," అని ఊరుకుంది. ఆ వారమే ఆవిడ మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టితో వచ్చింది. "మీ తోటమట్టి నల్లన కదా?" అని గడియారాలాయన ఆరా తీస్తే, "కొత్త మడి తవ్వాను లెండి," అంది.

డ్రైవరుది నడక ఆట. ఎడారిలో ఒక మనిషి నడుస్తూ ఉంటాడు, అంతే. కొట్టుకోవడాల్లేవు, మార్కుల్లేవు.

"పరిగెత్తే బటనే లేదా?" అని గడియారాలాయన నెత్తి కొట్టుకునేవాడు. "అదేం ఆటండీ బాబూ, మా ఆవిడతో సంతకెళ్ళినట్టుంది."

"లేకపోవడమే బాగుంది. ఎండ మాత్రం ఏం పెట్టారనుకున్నారు! మధ్యాహ్నమైతే నీడ పాదాల కిందకి వచ్చేస్తుంది. ముందెవరో నడిచినట్టు అడుగులు కూడా ఉన్నాయి. చిన్న అడుగులు."

"ఆట చేసినవాళ్ళు పెట్టి ఉంటారు."

"ఏమో. ఎదురుగా కొండ. కొండమీద చెరువని పటంలో నీలంగా చూపిస్తున్నాడు."

టీచరమ్మ మాత్రం తన టమాటాలు తను తుడుచుకుంటూ కూర్చుంది.

ఒక గురువారం ఇసుక ఎప్పటికన్నా ఎక్కువ రాలింది. సిస్టరు చీపురు తెచ్చి ఊడ్చింది. డ్రైవరు వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో వాలాడు. ఆ కుర్చీ కోసం రెండేళ్ళు ఎదురుచూశాడతను. అక్కణ్ణుంచి బస్సుల డిపో కనబడుతుంది. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో చెబుతూ సిస్టర్ని విసిగించేవాడు.

"ఎక్కడిదాకా వచ్చారు?" అన్నాడు గడియారాలాయన.

"కొండ ఎక్కేశాను. ఇంకొక్క మలుపుంది. గాలి చల్లగా తగులుతోంది. నీళ్ళ వాసనండీ. నీళ్ళకి వాసనుంటుందని మీకు తెలుసా?"

 ఎందుకు తెలీదు? ఆ వార్డులో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు?

"ఆ మలుపు శనివారం కూడా వచ్చి వెళ్ళాక తిరగండి," అంది టీచరమ్మ. "తొందరేముంది?"

"శనివారం దాకా ఎందుకు టీచరమ్మా, ఈ సాయంత్రమే." అతను గడియారాలాయన వైపు తిరిగాడు. "అన్నట్టు, శనివారం నుంచి ఈ కిటికీ కుర్చీ మీరు తీసుకోండి. నా దుప్పటి కూడా ఉంచేసుకోండి. మీకు ఏసీ పడదు కదా."

"అదేంటి, మీరెక్కడ కూర్చుంటారు?"

"ఎక్కడో అక్కడ."

గడియారాలాయన వెర్రిబాగులవాడు. కుర్చీ వచ్చిందని మురిసిపోయాడు. టీచరమ్మ మాత్రం చేతిలో టమాటా కింద పెట్టేసింది. డ్రైవరు మొహంలోకి కాసేపు చూసింది. నలభై ఏళ్ళు పిల్లల మొహాలు చూసిన మనిషి. ఎవరు చెయ్యని లెక్క చేశానంటున్నారో ఇట్టే పట్టేస్తుంది.

"ఆ చెరువులో నీళ్ళు లేవు," అంది.

"ఏంటి?"

"నేనా ఆట ఆడాను. చివర ఏముందో నాకు తెలుసు. ఎండిపోయిన చెరువు. బీటలు తప్ప ఏం లేవు."

"టీచరమ్మా!" గడియారాలాయన మిషను గొట్టాలు ఊడేలా లేచి కూర్చున్నాడు. "చివర చెప్పేస్తారా? ఎనిమిది నెలలు నడిచాడు మనిషి! పెద్దవారు మీరే ఇలా చేస్తే ఎలా?"

 ఆరేళ్ళుగా డ్రైవరు దగ్గర్నుంచి ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. బస్సు పోయింది. భార్య తన కిడ్నీ ఇస్తానని ముందుకొస్తే పరీక్షల్లో కుదర్లేదన్నారు. పోయినేడు ఒక రాత్రి ఫోను చేసి రమ్మని, ఆపరేషను బట్టలు కూడా తొడిగి, ఆ కిడ్నీ పనికిరాదని తెల్లారేసరికి ఇంటికి పంపేశారు. మిగిలింది ఆ చెరువొక్కటే. ఇప్పుడు దాన్ని కూడా లాక్కున్నారు.

"ఎందుకు చెప్పారు?" అన్నాడు చివరికి.  "నేను మిమ్మల్ని ఏమడిగాను?"

 ఆ రోజు మిగిలిన మూడు గంటలూ వార్డులో మిషన్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, మాత్రలు మింగి, డ్రైవరు మంచం మీద కూర్చున్నాడు. భార్య మూతల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, సాయంత్రం ఆరు దాటితే గాని రాదు. వచ్చాక స్నానాలగదిలోకి పోయి, కుళాయి గట్టిగా తిప్పి, ఆ చప్పుడులో నీళ్ళు తాగుతుంది. అతనికి తెలియదనుకుంటుంది. ఆమె గుటక వేయడం అతను చూసి ఆరేళ్ళయింది. ఇంటి మనిషి సొంత ఇంట్లో నీళ్ళు దొంగతనంగా తాగాల్సి రావడం కన్నా దరిద్రం ఉందా? తను లేకపోతే, పీటేసుకుని కూర్చుని చెంబెత్తి తాగుతుంది. అతను మొదటినుంచీ చేసుకున్న లెక్క ఇదే. పొడుగాయన మొహం గుర్తొచ్చినప్పుడల్లా ఆ లెక్క సరిగ్గానే కుదిరినట్టుండేది.

నీళ్ళు లేవంటే నా కళ్ళతో చూస్తే గాని నమ్మను అనుకుని ఫోను తెరిచాడు.

చివరి మలుపు తిరిగాడు. ఎదురుగా చెరువు.

నిండుగా ఉంది. గట్లు ఒరుసుకుంటూ, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా. గాలికి సన్నగా కదులుతోంది. డ్రైవరు నాలుక అట్టముక్కలా అంగిలికి అతుక్కుపోయింది. అబద్ధమాడింది టీచరమ్మ. పచ్చి అబద్ధం. కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. గట్టు దిగి, ఎర్రమట్టిలో మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ మణికట్ల దాకా నీళ్ళలో ముంచాడు. హమ్మయ్య అని లోపలినుంచి ఎవరో అన్నట్టయింది. దోసిలి నిండా ఎత్తాడు.

అప్పుడు చూశాడు, పక్కన రాతిమీద బోర్లించి ఉన్న ఉగ్గుగిన్నెని. అంచు దగ్గర సొట్ట. రాతి పక్కనే మట్టిలో రెండు గుంటలు, మోకాళ్ళు ఆనించినవి, ఎండి గట్టిపడి ఉన్నాయి. ఆ గుంటల దగ్గరికి వచ్చిన చిన్న అడుగులు ఉన్నాయి. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి కొండ దిగిన అడుగులూ ఉన్నాయి.

దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

ఆర్నెల్ల కిందట ఆవిడా ఇక్కడిదాకా వచ్చింది. ఒక్కతే వచ్చింది. సరిగ్గా ఇలాగే కూలబడింది. ఎంతసేపు కూర్చుందో, ఎంత ఏడ్చిందో ఎవరికీ తెలీదు. శనివారం మళ్ళీ సంచీ నిండా టమాటాలు పట్టుకుని, తూకం మిషను ముందు మోకాళ్ళు దులుపుకుంటూ నిలబడింది. కొత్త మడి తవ్వానంది! డ్రైవరు ఆ రాతిమీద తల ఆనించి, పొడుగాయన పోయినప్పుడు రాని ఏడుపంతా ఏడ్చాడు. అంత ఏడ్చినా ఒంట్లోంచి పట్టుమని చారెడు నీళ్ళు పోవని అతనికి తెలుసు, అయినా ఏడ్చాడు.

ఎండ వాలాక గిన్నె కడిగి, నిండా ముంచి, ఒక్కటంటే ఒక్క గిన్నెడు తాగాడు. గుక్క గుక్కకీ ఆగి తాగాడు. తర్వాత గిన్నె జేబులో వేసుకుని, దిగిన అడుగుల పక్కనే అడుగులు వేస్తూ కొండ దిగాడు.

భార్య వచ్చి చెప్పులు విప్పుతోంది. మంచం కింద ఎర్రమట్టి చూసి, "అబ్బా, మళ్ళీనా? పొద్దున్నే కదా తుడిచాను," అని సణుగుతూ స్నానాలగది వైపు నడిచింది.

"ఇలా రా," అన్నాడు.

"ఏవండీ, ఏమైంది? ఆయాసంగా ఉందా?"

అతను లేచి గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "నా ముందు తాగు."

"నాకు దాహంగా లేదు."

"ఆరేళ్ళ నుంచీ లేదా? తాగు. చూస్తాను."

ఆమె గ్లాసు వంక, అతని వంక చూసింది. నిలబడే తాగింది. సగంలో వెక్కిళ్ళు వచ్చాయి. ఆగి, కళ్ళు తుడుచుకుని, మిగతాది కూడా తాగింది. అతను చివరి గుటక దాకా చూశాడు.

శనివారం సిస్టరు రెండుసార్లు దులిపించింది. ముల్లు ఆగాక దగ్గరికి వంగి చూసి, "ఇదేంటి, ఎన్నడూ లేంది, సరిగ్గా తూగారు," అని కాగితం మీద వేసుకుంది. డ్రైవరు చొక్కా చేతులు మణికట్ల దగ్గర ఇంకా తడిగానే ఉన్నాయి. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంది.

టీచరమ్మ తన కుర్చీలో కూర్చుని తలుపు వైపే చూస్తోంది. రెండు రాత్రులుగా నిద్ర లేనట్టు కళ్ళు పీక్కుపోయి ఉన్నాయి. ఆవేళ సంచీలో టమాటాలు లేవు.

డ్రైవరు వెళ్ళి ఆవిడ పక్క బల్లమీద ఉగ్గుగిన్నె పెట్టాడు.

"మీరన్నట్టే టీచరమ్మా," అన్నాడు. "నీళ్ళు లేవు. ఇది మాత్రం దొరికింది."

ఆవిడ గిన్నె తీసుకుని, బొటనవేలితో సొట్టని తడిమింది. తల రెండుసార్లు ఆడించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూశారా, చెప్పేసి ఆట పాడుచేసింది," అన్నాడు గడియారాలాయన కిటికీ పక్కనుంచి. డ్రైవరు ఇచ్చిన దుప్పటి మెడదాకా కప్పుకుని, కాళ్ళు బారజాపి, పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు.

డ్రైవరు అతని ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"లేవండి," అన్నాడు. "అది నా కుర్చీ."