రెండో దెబ్బ

మా వర్క్‌షాపులో నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. పాముచెవులక్క అంటే చాలు, చంటిపిల్లాడైనా స్టోరు కిటికీ వైపు చెయ్యి చూపిస్తాడు. ఆ పేరు ఊరికే రాలేదు. ఇనుము అరగదీసే గ్రైండింగ్ చక్రాలను వాయించి, ఏది మంచిదో ఏది కాదో చెవితో తేల్చేది ఇరవై రెండేళ్లుగా నేనే. చక్రాన్ని మేకుకు తగిలించి, చెక్క సుత్తితో నాలుగు చోట్ల ఒక్కో దెబ్బ వేయాలి. మంచిదైతే ఖంగుమని సన్నగా సాగుతుంది. లోపల పగులుంటే పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. అలాంటిది మిషను మీద తిరిగితే ముక్కలై ఎగురుతుంది. అప్పుడు ఎదురుగా ఎవడుంటే వాడి ఖర్మ.

ఇంకో సంగతి చెప్పాలి. నేను ఏ చోటా రెండోసారి కొట్టను. నాలుగు దెబ్బలు, సుద్దముక్కతో ఒక టిక్కు, తర్వాతివాడు. అంతే. చక్రాల కోసం వరసలో నిలబడ్డవాళ్ళు అది వింతగా చూసేవాళ్ళు. "అక్క టిక్కు పెడితే దేవుడు కూడా చెరపలేడు" అనేవాళ్ళు. విని విని నాకూ తలకెక్కింది.

చెవిలో మోత మొదలై మూడు నెలలయింది. ఉన్నట్టుండి ఎడమ చెవిలో దూది కుక్కినట్టవుతుంది. వెంటనే సన్నని మోత, గాజు గ్లాసు అంచున తడివేలు తిప్పినట్టు. పాతిక, ముప్పై సెకన్లు ఉండి తనంతట తనే సన్నగిల్లి పోతుంది. మళ్ళీ రోజుల తరబడి ఏమీ ఉండదు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు గానీ, చెవి మోగితే ఏమంటారో నాకు తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. పాముచెవులక్క చెవి చూపించుకోవడానికి చీటీ పట్టుకు కూర్చుందని తెలిస్తే నవ్వులపాలు కానూ?

ఆ సోమవారం పొద్దున మా మరిది వంతు వచ్చేసరికి వాడి వెనక ఇంకా ఆరుగురున్నారు. మా ఆయన తమ్ముడు వాడు. నేనే చెప్పి ఈ పనిలో పెట్టించాను, మా ఇంట్లోనే ఉంటాడు.

"వదినా, ఈసారైనా నున్నగా ఉండేది చూసివ్వు. మొన్నటిది అచ్చం నీ మాటలాగే గరుకు" అన్నాడు. వరసంతా గొల్లుమంది.

"నోరు మూసుకుని చెయ్యి చాపు" అని నేనూ నవ్వుతూనే కొట్టడం మొదలుపెట్టాను.

మూడో దెబ్బకు ఎడమ చెవి మూసుకుపోయింది. ఖంగుమంది. సాగింది. ఎంత బాగా సాగిందో! మోత ఆపడానికి అరచెయ్యి చక్రం మీద ఆనించాను. చెయ్యి ఆనిస్తే ఏ చక్రమైనా నోరు మూయాల్సిందే. మోత ఆగలేదు.

అది చక్రంలోది కాదని, నా తలలోదని ఆ క్షణంలోనే తెలిసింది. అబద్ధమెందుకు, తెలిసింది. ఓ నిమిషం ఆగి మళ్ళీ కొట్టి చూడాలి. కానీ ఆరుగురు చూస్తున్నారు. "ఏంటక్కా, వినపడలేదా?" అని ఎవడో ఒకడు అననే అంటాడు. నాలుగో దెబ్బ కూడా ఆ మోతలోనే వేసి, టిక్కు పెట్టి ఇచ్చేశాను.

పదిన్నరకు ఆ చక్రం మిషను మీద పగిలింది. చక్రం చుట్టూ ఉండే ఇనుప కప్పు చాలా ముక్కల్ని ఆపింది. ఒక ముక్క మాత్రం వాడి కుడి ముంజేతిని చీరేసింది. పదిహేను కుట్లు పడ్డాయి.

సూపర్‌వైజరు విచారణ ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "అక్క టిక్కు ఉంది. అంటే ఇక్కణ్ణుంచి మంచి చక్రమే వెళ్ళింది. దారిలో వాడే పడేసి, చెప్పకుండా బిగించుంటాడు." నేను అక్కడే నిలబడి ఉన్నాను.

అంతకంటే ఘోరం ఇంట్లో జరిగింది. టీ గ్లాసు ఎడమచేత్తో తంటాలుపడి పట్టుకుంటూ మరిది అన్నాడు: "నేనే ఎక్కడో తగిలించి ఉంటాను వదినా. ఎంత ఆలోచించినా గుర్తురావట్లేదు. నీ చెవి తప్పదు కదా."

తల కొట్టేసినట్టయింది. వాడు నన్ను నాలుగు తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు. మా ఆయన ఆ రాత్రి "ఏంటలా ఉన్నావు?" అంటే, తలనొప్పి అన్నాను.

గురువారం సూపర్‌వైజరు కబురు పంపాడు. మరిది తప్పు ఒప్పుకుని కాగితం రాసిస్తే మిషను మీది నుంచి తీసి ఊడ్చే పనికి వేస్తాడట. రాయకపోతే అసలు పనే ఉండదట. వాడి కుడిచెయ్యి కట్టులో ఉంది. కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"నేను చెప్తా, నువ్వు రాయి వదినా. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. అవి చూసైనా జాలిపడతారు."

"సోమవారం ఉదయం నేను చక్రాన్ని" అనేదాకా రాశాను.

"కింద పడేశాను, అని రాయి" అన్నాడు.

పెన్ను కదల్లేదు.

"ఏంటి వదినా, వినపడలేదా?"

ఏ మాటకు భయపడి ఇంత చేశానో ఆ మాట వాడి నోటే వచ్చింది.

"వినపడలేదు" అన్నాను. "సోమవారం నాకు వినపడలేదురా. చెవిలో మోత వచ్చింది. చక్రం మోతే అనుకున్నా... లేదు, అనుకోలేదు. చెయ్యి పెట్టినా ఆగలేదు. తెలిసే టిక్కు పెట్టాను. మళ్ళీ కొడితే అందరూ నవ్వుతారని."

వాడు తన కట్టువైపు చూసుకున్నాడు.

"ట్రాలీకి తగిలిందా, మెట్టుకు తగిలిందా అని మూడు రోజులుగా బుర్ర బద్దలుకొట్టుకుంటున్నా. నువ్వు చూస్తూనే ఉన్నావుగా?"

"చూస్తూనే ఉన్నాను."

వాడు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఆ కాగితం మీదే, ఆగినచోటు నుంచే రాశాను: సరిగ్గా వినకుండా టిక్కు పెట్టి ఇచ్చాను. మిగతాదంతా రాసి సంతకం చేశాను. అసలు పేరు రాయడానికి ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది.

సూపర్‌వైజరు అది రెండుసార్లు చదివాడు. మరిది మీద పడ్డ తప్పు కొట్టేశాడు. నన్ను తీసేస్తాడనుకున్నాను. చెవి డాక్టరు చీటీ వచ్చేదాకా ఒంటరిగా వాయించకూడదన్నాడు, పక్కన ఇంకో మనిషి వినాలన్నాడు. చెయ్యి మానేదాకా మిషను నడపలేని మా మరిదినే నా పక్కన స్టూలేసి కూర్చోబెట్టాడు. ఇంట్లో వాడు నాతో మాట్లాడడం మానేసి అప్పటికి నాలుగు రోజులు.

సోమవారం. అదే కిటికీ, అదే వరస. నవ్వుల్లేవు, గుసగుసలున్నాయి. మొదటి చక్రాన్ని తగిలించి నాలుగు దెబ్బలూ వేశాను. చెవిలో ఏ మోతా లేదు. చక్రం శుభ్రంగా పలికింది, నాకు తెలుసు. సుద్దముక్క అందుకున్నాను.

వాడు ఎడమచెయ్యి చాపి చక్రానికి అడ్డం పెట్టాడు.

"మళ్ళీ కొట్టు" అన్నాడు, వరస చివరిదాకా వినపడేలా.

వదినా అనలేదు. నేను సుద్దముక్క కిందపెట్టి మళ్ళీ కొట్టాను.