ఓలే కిపురి గుండు మీద చెయ్యి

ఆరు నెలల చదువుకని నైరోబీ వచ్చే విదేశీ పిల్లలను అడవిలోనూ, మా మసాయి తెగవాళ్ల ఇళ్లలోనూ తిప్పి చూపించడం నా ఉద్యోగం. వాళ్లకు సింహం కావాలి, అదీ టిఫినుకు ముందే కావాలి. ఆ రోజు ఆడసింహం జింకపిల్లను పట్టుకుంటే కోరిన్ అనే అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే డబ్బా తెరిచి కోడికాలు కొరికింది. నేను రుమాలు అందించాను. నవ్వు ఆపుకోవడం కూడా నా పనిలో భాగమే.

మధ్యాహ్నం వాళ్లను మా ఊరి పెద్దాయన ఓలే కిపురి ఇంటికి తీసుకువెళ్లాను. చూపించడానికి ఇంకో పది ఇళ్లున్నాయి. కానీ ఆయన కూతురు నైసులాను నాకిమ్మని మావాళ్లు రెండుసార్లు అడిగారు. ఈ గుంపును తీసుకొచ్చిన రోజు జవాబు చెబుతానని ఆయన కబురు పెట్టాడు. నైసులా బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఆమె కాదంటే ఏమైపోతానో నాకే తెలియదు.

"వచ్చావా పర్మువాత్? ఈసారి ఎంతమందిని తోలుకొచ్చావ్?" అన్నాడాయన.

"తొమ్మిదిమంది మామా."

"మామనింకా కాలేదు గానీ, పెద్దయ్యా అను, చాలు."

అంతలో బడి వదిలిన పిల్లలు వచ్చి ఆయన ముందు తలలు వంచారు. ఆయన ఒక్కొక్క తల మీదా అరచెయ్యి ఆనించి పలకరించాడు. మాలో చిన్నవాళ్లు పెద్దవాళ్లకు పెట్టే దండం అది. ఇలాంటివి విదేశీ పిల్లలకు బండిలోనే చెప్పి దించాలి. దారి పొడుగునా సింహాల మీద కోతలు కోస్తూ నేను ఆ సంగతే మరిచిపోయాను.

చూసిందల్లా చేసి చూడాలని వీళ్లకు మహా సరదా. కోరిన్ గబగబా వచ్చి, డెబ్భై దాటిన ఓలే కిపురి నున్నటి గుండు మీద అరచెయ్యి ఆనించి, ఫోటో కోసం పళ్లికిలించింది.

బడిపిల్లలు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

ఆయన ఆ చెయ్యి తీసి పక్కన పెట్టాడు. "ఏమిటిది, ఈ పిల్ల నాకు అమ్మమ్మా? ఏం చేసిందో దానికి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

చెబితే తప్పు నాదేనని బయటపడుతుంది. కాలేజీకి ఫిర్యాదు వెళుతుంది. అందుకే ఇంగ్లీషులో తియ్యగా అన్నాను: "మీ ఆశీర్వాదానికి ఆయన మురిసిపోతున్నారు." ఆయన వైపు తిరిగి, "చెప్పాను పెద్దయ్యా, పాపం సిగ్గుపడుతోంది" అన్నాను.

సిగ్గుపడుతున్న ఆ పిల్ల మళ్లీ చెయ్యి చాచింది.

"ఆగు!" గుమ్మంలో టీ గ్లాసులతో నైసులా. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. "నాన్నా, ఇతను చెప్పింది అది కాదు. నువ్వు మురిసిపోతున్నావని చెప్పాడు."

తర్వాత కోరిన్‌తో ఇంగ్లీషులో అంది: "మాలో పెద్దవాళ్లే చిన్నవాళ్ల తల ముట్టుకుంటారమ్మాయ్. నలుగురిలో మా నాన్నను పసివాణ్ని చేశావ్. ఇతను నీకు చెప్పలేదా?"

"లేదు," అంది కోరిన్. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ముఖం కందిపోయింది. ఓలే కిపురి దగ్గరికి వెళ్లి నడుము దాకా వంగి తల దించింది. ఆయన కాసేపు అలాగే నిలబెట్టి, ఆ తర్వాతే చెయ్యి ఆనించాడు.

"చెబితే తెలుసుకుంటుంది ఇది," అన్నాడు.

నైసులా అందరికీ టీ ఇచ్చింది. నా గ్లాసు చేతికిస్తూ, "రేపు నేను కాదన్నా, మా నాన్నతో ఔనందని చెప్పేట్టున్నావ్," అంది.

"అది కాదు నైసులా, ఉద్యోగం..."

"ఆ ఉద్యోగమే చేసుకో మరి. ఎవరొద్దన్నారు?"

గ్లాసు పక్కన పెట్టాను. సిగ్గు విడిచి ఆయన దగ్గరికి వెళ్లాను. "పెద్దయ్యా, ఆ జవాబేదో..."

"అమ్మాయి చెప్పేసిందిగా," అన్నాడాయన. "అది కూడా ఇంకెవరైనా నీకు విడమరిచి చెప్పాలా?"

అక్కర్లేదన్నాను.