జులై ఒకటి

ఆళ్లగడ్డ శిల్పశాలలో ఆ రోజు నలుగురు ముసలి శిల్పులకూ పుట్టినరోజే. చిన్నప్పుడు బడిలో చేర్చుకునేటప్పుడు హెడ్మాస్టరు పిల్లలందరికీ పుట్టినతేదీ జులై ఒకటే రాసేశాడు మరి. ఆ నలుగురిలో ఒకరైన సుబ్బరాయాచారి, అమ్మ చెప్పిన ప్రకారం, పుట్టింది శివరాత్రినాడు. అందుకే జులై ఒకటి అని వింటేనే ఆయనకు ఒళ్లు మండుతుంది.

మనవరాలు భానుప్రియ అందరికీ మైసూరుపాకు పంచి, ఫోను చూసి చదివింది. "తాతా, ఈపొద్దు డాక్టర్ల దినమంట. జీఎస్టీ వచ్చింది గూడా ఈపొద్దేనంట. జోకుల దినం గూడానంట!"

"జోకులకు గూడా ఒక దినముందా?"

"ఉంది తాతా, ఈపొద్దే."

సుబ్బరాయాచారి ఉలి పక్కన పెట్టి, చెక్కుతున్న నంది మీద చెయ్యేసి, పగలబడి నవ్వాడు.

"అయితే ఆ హెడ్మాస్టరు మా మీద జోకేసినాడు పాపా! నవ్వేకి నాకు అరవై ఏండ్లు పట్టె."