మంచుకోట చూసి తొమికో ఏడ్చింది

ఆట వదిలాక మినోసె రంగశాల వెనక గేటు దగ్గర జరిగే తతంగం చూస్తే తెలియనివాళ్ళకు నవ్వొస్తుంది. నవ్వుకోనివ్వండి. పిల్లల్ని కన్న తల్లులు, ఆఫీసుల్లో పదిమందిని గదమాయించే ఆడవాళ్ళు, మెడకు ఒకే బూడిదరంగు కండువా చుట్టుకుని బడిపిల్లల్లా వరసలు కట్టి నిలబడతారు. గేటు తెరుచుకుని నటి ఇబుకి బయటికి రాగానే, వెనకవాళ్ళకు కనిపించాలని ముందు వరసల వాళ్ళంతా ఒక్కసారిగా గొంతుక్కూర్చుంటారు. ఎవరూ కేక వెయ్యరు, మీద పడరు. "ఇవాళ కూడా మా కోసం శ్రమపడ్డారు" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. ఇబుకి తల వంచి నమస్కరించి కారెక్కుతుంది. అంతే. ఆ అరనిమిషం కోసం వానలో గంటలు నిలబడినవాళ్ళను అడగండి, ఎందుకో చెప్తారు.

కూర్చోమని సైగ చేసేది తొమికో. ఇబుకి అభిమాన సంఘానికి ఆమే పెద్ద. పెద్దరికమంటే జీతం భత్యం ఉంటాయనుకునేరు. పొద్దున్నే లేచి ఇబుకికి అన్నం డబ్బా కట్టాలి, తన బుల్లి కారులో రంగశాలకు దింపాలి, మళ్ళీ ఇంటికి చేర్చాలి, టిక్కెట్లు పంచాలి, అలిగిన సభ్యులను బుజ్జగించాలి. మధ్యలో తీరిక దొరికితే దర్జీ దుకాణంలో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టేది. మొగుడు షిగెయో బస్సు డ్రైవరు. "నాకూ ఓ సంఘం పెట్టవే, పొద్దున్నే నాకూ ఓ డబ్బా దొరుకుతుంది" అని దెప్పేవాడు.

ఆ నాటక సమాజంలో మగవేషాలు కూడా ఆడవాళ్ళే కడతారు. ఇబుకి చేరిన కొత్తలో, ఈటె పట్టుకుని గుంపులో చివర నిలబడే తాగుబోతు సిపాయి వేషం ఆమెది. అప్పట్లో గేటు దగ్గర ఆమె కోసం నిలబడేది తొమికో ఒక్కతే. ఓ వాన రోజున గొడుగు పట్టి, ఉండబట్టలేక అనేసింది.

"పిల్లా, ఓ మాట చెప్తాను, ఏమీ అనుకోకు. ఆ తూలడమేమిటి? తాగినవాడిలా లేవు, కాలు బెణికినదానిలా ఉన్నావు."

ఇబుకి మొహం కందగడ్డయింది. మర్నాడు మాత్రం తూలలేదు. తూలకుండా తిన్నగా నడవడానికి నానా తంటాలూ పడింది. హాలంతా విరగబడి నవ్వింది. ఆట వదలగానే మేకప్పు కూడా సరిగ్గా తుడుచుకోకుండా పరుగెత్తుకొచ్చి, "అక్కా, ఇప్పుడో?" అని అడిగింది.

"ఇప్పుడు తాగావు" అంది తొమికో.

అప్పటినుంచి అక్కే. ప్రతి నాటకానికీ ఇబుకి అడిగేది, తొమికో చెప్పేది. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని. ఆ పిల్ల ఎదుగుదలలో ఆ మాటల పాలెంతో సమాజంలో ఎవరికీ తెలియదు, ఇబుకికి తెలుసు.

ఎదిగాక చుట్టూ జనం చేరారు. జనం చేరితే నోళ్ళూ చేరతాయి. ఒకావిడ ముక్కు బాగాలేదనేది, మరొకావిడ పోయినేటి పాటే నయమనేది. ఒకసారి ఎవరో అన్న మాటకు ఇబుకి తిండి మానేసి కూర్చుంది. తొమికోకు ఒళ్ళు మండింది. సంఘాన్ని కూర్చోబెట్టి కట్టడి చేసింది. "దిద్దడానికి ఆవిడకు దర్శకులున్నారు. మనమున్నది మెచ్చుకోవడానికి. మెచ్చుకోలేనివాళ్ళు కండువా ఇచ్చేసి వెళ్ళొచ్చు." పెట్టిన కట్టుబాటుకు పెద్దే ముందు లోబడాలి కదా. ఆ రోజునుంచి తొమికో కూడా చెప్పడం మానేసింది. నలుగురి ముందూ నువ్వు అంటే బాగుండదని మీరు అనడం మొదలుపెట్టింది. ఇబుకి మాత్రం అక్కా అనే పిలిచేది. కొన్నాళ్ళకు, ఎలా ఉందని అడగడం ఆమే తగ్గించింది.

అలాంటప్పుడు వచ్చింది 'మంచుకోట'.

ఆ నాటకం ఎంత ఆడిందో చెప్పాలంటే, టిక్కెట్టు దొరికినవాళ్ళు ఇరుగుపొరుగుకు మిఠాయి పంచారు. చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ చూశారు. ఒసాకా నుంచి వచ్చే రైల్లో ఆ పాటలే. ఇబుకికి అది పట్టాభిషేకం. తొమికోకు మాత్రం మొదటి రోజే అది నచ్చలేదు. కథ లేదు, కమామిషు లేదు. ఓ సైనికాధికారి, చచ్చిపోయిన ప్రియురాలి కోటు గుండెకు హత్తుకుని, వాద్యబృందం ముందున్న సన్నటి వంతెన మీదికొచ్చి, మంచుతుఫానులో ఆమె పేరు పిలుస్తాడు. పిలవడమంటే మామూలు పిలుపు కాదు. పొట్టలోంచి, మగగొంతుతో, పాట పొడుగునా అరుపు. రాసినవాడికి ఏడిపించడం చేతకాక నటి గొంతును తాకట్టు పెట్టాడని తొమికోకు అనిపించింది. ఇంత జనం ఇష్టపడిన దాన్ని పట్టుకుని అలా అనుకోవడానికి ఆమెకే భయమేసింది.

మొదటి వారంలోనే ఆ అరుపు వెనక ఇంకో చప్పుడు విన్నది. చాలా చిన్నది. కుట్టు దగ్గర బట్ట పిగిలేటప్పుడు వస్తుందే, అలాంటిది. ఆ గొంతును వాన రోజుల్నుంచి వింటున్న చెవులకు తప్ప వినిపించదు. పక్కన అందరూ ముక్కులు చీదుతున్నారు. రెండో వరసలో కూర్చున్న తొమికో కళ్ళల్లోంచి కూడా నీళ్ళు కారిపోయాయి. ఆమె ఏడుపుగొట్టు మనిషి కాదు. అది నాటకానికి వచ్చిన ఏడుపు కాదు, భయం. ఆ తరవాత వంతెన ఘట్టం వచ్చినప్పుడల్లా ఆమెకు అదే వరస.

ఉగ్గబట్టుకోలేక ఓ రోజు రంగశాల ఎదుటి కాఫీ కొట్లో కజుయోతో అనేసింది. కజుయో సంఘానికి రెండో పెద్ద, పళ్ళ డాక్టరు భార్య. మాట వాడి.

"కజుయో గారూ, ఆ అరుపు కాస్త ఎక్కువైందనిపించడం లేదూ మీకు?"

కజుయో రొట్టెముక్క పళ్ళెంలో పెట్టేసింది. "ఎవరికి ఎక్కువైంది? దేశమంతా ఏడుస్తుంటే మీకొక్కరికే ఎక్కువైందా?"

"గొంతు పాడవుతుందేమోనని నా బాధ."

"సరిపోయింది! ఇన్నాళ్ళూ గుంపులో నిలబెడితే మీకు బాగుంది. ఇవాళ అందరి నెత్తినా కూర్చుంటే బాధగా ఉందా?"

"అలా అంటారేమిటండీ?"

"కట్టడి పెట్టిందెవరు, మీరు కాదూ? కిందటేడు మన హిరోయె ఏదో వంక పెట్టిందని ఆవిడ కండువా లాగేసుకున్నారే! మెచ్చుకోలేకపోతే కుర్చీ దిగండి. కారు నడపడం నాకూ వచ్చు." చెప్పేసి, తను మరీ కటువుగా మాట్లాడానని తోచిందో ఏమో, తొమికో చేతిమీద చెయ్యి వేసింది. "ఈ మాట నా దగ్గర అన్నారు కాబట్టి సరిపోయింది. ఇంకెక్కడా అనకండి."

ఇంకెక్కడా అంటే ఏమవుతుందో తొమికోకు తెలుసు. ఎవరో ఓ ఊరూ పేరూ లేని మనిషి 'మంచుకోటలో అరుపులెక్కువ, మనుషులు తక్కువ' అని ఫోనులో రాసినందుకు, అభిమానులంతా కలిసి దుమ్మెత్తి పోశారు. చివరికి ఆ మనిషి రాసిందంతా చెరిపేసుకుని జారుకుంది. అది చదివినప్పుడు తొమికో, నా మాటే రాసిందే అనుకుంది. పైకి మాత్రం ఒక్క ముక్క అనలేదు. కుర్చీ పోతే పోయిందనుకోవచ్చు. కానీ కుర్చీ పోతే కారు పోతుంది, అన్నం డబ్బా పోతుంది, ఆ పిల్ల మొహం చూడడానికి గేటు బయట ఆఖరి వరసలో నిలబడాలి. అది ఆమె వల్ల కాలేదు. మాట మింగేసి, గొంతుకు మంచిదని డబ్బాతో పంపే తామరదుంప పాకం రెట్టింపు చేసింది.

షిగెయోను బతిమాలి ఓసారి తీసుకెళ్ళింది. మొదటి అంకంలో నిద్రపోయాడు. రెండో అంకంలో అరుపుకు ఉలిక్కిపడి లేచాడు. బయటికొచ్చాక, "అమ్మాయి బంగారంలాంటిదే. కానీ ఓ గేరులో అంతసేపు లాగితే ఇంజను పోదుటే?" అన్నాడు.

"నోరు ముయ్యి. సంఘంవాళ్ళు వింటారు" అంది తొమికో.

ఓ సాయంత్రం కారులో, చాలాకాలం తరవాత, ఇబుకి అడిగింది.

"అక్కా, ఎలా ఉంది?"

ఎర్రదీపం దగ్గర కారాగింది. చెప్పడానికి కావలసినంత సమయముంది.

"బ్రహ్మాండంగా ఉంది. హాలు హాలంతా ఏడ్చింది."

"హాలు సంగతి కాదు, నీకెలా ఉంది?"

"నాకేమిటి, అందరికీ ఎలాగో నాకూ అలాగే. పాకం తాగారా?"

"తాగాను" అంది ఇబుకి. కిటికీలోంచి నది వైపు తిరిగింది. పచ్చదీపం వెలిగింది.

ఆ నాటకం ఆటలు ముగియడానికి ఇంకా కొద్దిరోజులున్నాయనగా, ఓ మధ్యాహ్నం ఆటలో అది జరిగింది. ఇబుకి కోటు హత్తుకుని వంతెన మీదికొచ్చింది. వాద్యాలు ఆగాయి. నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచింది, మళ్ళీ రాలేదు. ఒక క్షణం ఆమె కళ్ళు బెదిరిన లేడి కళ్ళయ్యాయి. ఆ తరవాత, ఏం చెయ్యాలో తెలియక, తెరిచిన నోరు తెరిచినట్టే మోకాళ్ళ మీద కూలబడింది.

హాలు దద్దరిల్లిపోయింది. అంతటి చప్పట్లు ఆ నాటకానికి అంతవరకూ పడలేదు. కజుయో తొమికో మోచెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. "చూశారా! పేరు పిలవకుండానే పిలిచింది! ఇదండీ నటనంటే!" ఆవిడ బుగ్గల మీద కన్నీళ్ళు ధారలు కడుతున్నాయి. పాపం, ఆ కన్నీళ్ళలో కల్తీ ఏమీ లేదు.

తొమికో సగం లేచింది. గొంతు పోయింది, తెర వెయ్యండి అని అరవాలనుకుంది. వెనకనుంచి ఎవరో "కూర్చోండమ్మా, కనిపించడం లేదు" అన్నారు. ఇన్నేళ్ళుగా అందరినీ కూర్చోబెట్టిన మనిషి, ఆ మాటకు కూర్చుండిపోయింది.

మర్నాడు ఆ మౌనం చూడడానికి కొత్తగా జనం ఎగబడ్డారు. గేటుకు కాగితం అంటించి ఉంది. ఇబుకికి అస్వస్థత, ఆ వేషం వేరొకరు కడతారని.

ఆపరేషనయింది. మాట వస్తుందన్నారు, పాట రాదన్నారు. పాట లేకపోతే ఆ సమాజంలో చోటు లేదు. మామూలుగా అయితే వెళ్ళిపోయేవాళ్ళకు చివరి రోజున అభిమానులంతా తెల్లబట్టలు కట్టుకుని గేటు దగ్గర సాగనంపుతారు. ఇబుకి అదేమీ వద్దని కబురు చేసింది.

మాట్లాడొచ్చని డాక్టరు చెప్పాక, తొమికో గంజి పట్టుకుని ఆమె గదికి వెళ్ళింది. దారి పొడుగునా ఒకే మాట నోట్లో తిప్పుకుంది. నాకు మొదటి వారమే తెలుసమ్మా, తెలిసీ చెప్పలేదు, నన్ను కొట్టు. ఇక కట్టడీ లేదు, కుర్చీ లేదు. ఈ ఒక్కటి చెప్పెయ్యకపోతే బతకలేననుకుంది.

ఇబుకి పక్క మీద గోడకు ఆనుకుని కూర్చుంది. జుట్టు పెరిగి చెవులు కప్పింది. మగవేషం పోయిన మొహం, వాన రోజు చూసిన పిల్ల మొహమే.

"ఇబుకీ, నీకో మాట చెప్పాలి" అంది తొమికో.

"నేను ముందు చెప్తానక్కా. నాకు ఎక్కువసేపు రాదు." గొంతు గరగరమంది. గదిలో వేరెవరో మాట్లాడినట్టుంది. "మొదటి వారమే నొప్పి మొదలైంది. డాక్టరు తగ్గించి పాడమన్నాడు. తగ్గించేద్దామనే ఆ రోజు వంతెన మీదికొచ్చాను. చూస్తే నువ్వు ఏడుస్తున్నావు."

తొమికో గంజి గిన్నె కింద పెట్టింది.

"నువ్వు రాయివి కదే అక్కా! నేను ఎన్నిసార్లు చచ్చాను స్టేజీ మీద! ఒక్కసారైనా కన్ను చెమ్మగిల్లిందా నీకు? హాలు ఏడుస్తుంది, ఎవరికైనా ఏడుస్తుంది. నువ్వు ఏడ్చావు. మర్నాడు మళ్ళీ చూశాను. మళ్ళీ ఏడుస్తున్నావు. ఇంక తగ్గించడానికి మనసొప్పలేదు." ఆగి ఊపిరి తీసుకుంది. "కారులో అడిగితే చెప్పవు, పెద్దదానివైపోయావు. పోనీలే, కళ్ళు చెప్తున్నాయి కదా అనుకున్నాను."

తొమికో కింద పెట్టిన గిన్నెను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"పాట పోయింది. పోతే పోయింది. నిన్ను ఏడిపించాను కదా, అది చాలు నాకు. నిజం చెప్పక్కా, ఆ రోజుల్లోలా చెప్పు. అంత బాగుందా?"

దారి పొడుగునా తిప్పుకున్న మాట నాలిక చివరే ఉంది. ఇబుకి కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. తాగుబోతు సిపాయి వేషం కట్టిన మర్నాడు పరుగెత్తుకొచ్చి అడిగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"బాగుందే పిల్లా" అంది తొమికో. "అంత బాగా నువ్వెప్పుడూ చెయ్యలేదు."

ఇబుకి మొహం విచ్చుకుంది. "ఇంతకీ నువ్వేదో చెప్పాలన్నావు?"

"ఏమీ లేదు. గంజిలో ఉప్పు తక్కువైంది, అదే."

ఇబుకి నాలుగు చెంచాలు తాగి, అలసిపోయి పక్కకు ఒరిగింది. చాలా రోజుల తరవాత నిద్ర పట్టినదానిలా కళ్ళు మూసుకుంది. తొమికో మంచం పక్కనే కూర్చుంది. గుండెల్లోంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ పిల్ల కళ్ళు తెరిచి చూస్తుందేమోనని, పళ్ళు బిగబట్టి దాన్ని ఆపుకుంటూ కూర్చుంది.