నా కడుపులో పెరిగిన నరాలు

నేను ఒక ఇంక్యుబేటర్‌ని. కోడిగుడ్లు పొదిగేదాన్ని అనుకునేరు! ఆస్పత్రిలో నెలతక్కువ బిడ్డల్ని పడుకోబెట్టేదాన్నీ కాదు. మనిషి ఒంట్లోంచి తీసిన కణాలను బతికించి పెంచే స్టీలు పెట్టెను. చూసినవాళ్లు ఫ్రిజ్ అనుకుంటారు, ఆ పోలిక నాకు బొత్తిగా నచ్చదు. అది చల్లబరిచి నిలవ ఉంచుతుంది, నేను వెచ్చబెట్టి పెంచుతాను. నా లోపల ఎప్పుడూ మనిషి ఒంటి వేడే ఉంటుంది. అడుగున పళ్లెంలో నీళ్లు, పక్క సిలిండర్ నుంచి కొలిచినట్టు గాలి. తల్లి కడుపుకి నకలు తీయబోయి మనుషులు నన్ను చేశారు. చాలావరకు కుదిరింది. ఆ మాట నేనే చెప్పుకోవాలి, ఇంకెవరు చెబుతారు?

పుట్టింది ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో. ఓడెక్కి చెన్నై రేవులో దిగి, లారీలో హైదరాబాద్ చేరాను. నన్ను మొదట కొన్నది మొహానికి రాసుకునే క్రీముల కంపెనీ. నాలో చర్మకణాలు పెంచి, వాటికి క్రీము పట్టించి, నలుపు తగ్గిందా లేదా అని చూసేవారు. ఉన్న రంగుతో హాయిగా బతుకుతున్న కణాలకు ఈ గోల దేనికని నాకు ఒళ్లు మండేది. ఆ కంపెనీ మూతపడ్డాక నన్ను ఒక పరిశోధన సంస్థ తీసుకుంది. అక్కడ నా తలుపు మొదట తెరిచిన మనిషి వకుళ.

వకుళ మోటార్ న్యూరాన్ జబ్బు మీద పనిచేసే శాస్త్రవేత్త. వచ్చినవాళ్లకి ఆమె చెబుతుంటే విని నేనూ నేర్చుకున్నాను. మెదడు చెప్పిన మాటను కండరాలకు చేరవేసే నరాల కణాలు ఈ జబ్బులో ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతాయి. తెలివి చెక్కుచెదరదు, చెయ్యి మాత్రం మాట వినదు. బతికున్న మనిషి వెన్నులోంచి నరాలు కోసి చూడలేరు కదా, అందుకని వకుళ వేరే దారి పట్టింది. రోగి చేతి మీద పెసరగింజంత చర్మం తీసి, ఆ కణాలను వెనక్కి మళ్లించి, ఏ కణంగానైనా మారగల మూలకణాలుగా చేస్తుంది. వాటిలో కొన్నిటిని నరాలుగా, కొన్నిటిని కండగా పెంచుతుంది. ఈ పెంపకమంతా నా అరల్లోనే.

ఆ చర్మం ఇచ్చిన మనిషి ఓదెలు. హుజూరాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్‌లో దోసె మాస్టర్. మొదట చేతిలోంచి గరిటె జారింది. కొన్నాళ్లకు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. చర్మం తీసిన రోజు అతని కంటే అతని భార్య సమ్మక్కే ఎక్కువ వణికిందట.

"ఈ ఒక్కసారే మేడమ్, మళ్ల కొయ్యద్దు. ఆయనకు నొప్పయితే నేను సూడలేను" అని వకుళ చేత మాట తీసుకుందట.

ఆ మాట వకుళ మీద బాగా పనిచేసింది. ఆదివారం లేదు, పండగ లేదు, రోజూ వచ్చి గిన్నెల్లో పాత ద్రవం తీసి కొత్తది పోసేది. కణాలకు అదే తిండి. "ఓదెలన్నా, ఎలా ఉన్నావు?" అని గిన్నెనే పలకరించేది. డాక్టరేట్ చేసిన మనిషి గాజుగిన్నెతో మాట్లాడటం చూసి నాకు నవ్వొచ్చేది, ముద్దూ వచ్చేది. ఆమె దగ్గర ఒక మందు ఉంది. అది ఓదెలు నరాలను చావకుండా కాపాడుతుందా లేదా అన్నదే ఆమె తేల్చుకోవలసింది.

ఇంత జాగ్రత్తపరురాలూ దసరా వచ్చేసరికి మామూలు మనిషి అయిపోయింది. ఆ సంస్థలో ఎన్ని డిగ్రీలున్నా, ఆయుధపూజ నాడు యంత్రానికి బొట్టు పెట్టకపోతే ఒక్కరికీ కాళ్లూ చేతులూ ఆడవు. మైక్రోస్కోప్‌కి కుంకుమ పెట్టారు. నాకు పసుపు, బొట్టు, బంతిపూల దండ. గది బయట కొట్టాల్సిన కొబ్బరికాయ సరిగ్గా నా ముందే కొట్టారు. అబద్ధమెందుకు, నేనూ పొంగిపోయాను. నాకు దండ వేసినప్పుడు తొడుక్కున్న కోటుతోనే వకుళ నా తలుపు తీసి కణాలకు తిండి పెట్టింది.

పూలతో వచ్చిన బూజు ఆ కాస్త సందులో లోపలికి చేరింది. వారం తిరగకుండా ప్రతి గిన్నెలోనూ తెల్లగా దూదిలా పెరిగిపోయింది. వెచ్చదనం, తేమ నేను ఎవరికైనా ఒకేలా ఇస్తాను, బూజుకీ ఇచ్చాను. వకుళ గిన్నెలన్నీ పారేసి, నా పక్కనే స్టూలు మీద కూర్చుని ఏడ్చింది.

ప్రయోగశాల పెద్ద ఫణికుమార్ వచ్చి నిలబడ్డాడు.

"ఓదెలు కణాలు గడ్డకట్టించి చలిడబ్బాలో దాచిన గొట్టాలు ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటే సార్."

"అదీ పోతే ఈ పని ఆపేద్దాం వకుళా. మళ్లీ చర్మం తీసి మొదలుపెడితే ఏడాది పైనే పడుతుంది. ఓదెలుకి అంత టైముందో లేదో మనకి తెలీదు."

"మళ్లీ చర్మం అడగనని వాళ్లావిడకి మాటిచ్చాను సార్. ఇది పోనివ్వను."

నన్ను ఖాళీ చేసి, లోపల ఏ సూక్ష్మజీవీ మిగలకుండా సలసలా కాగేంత వేడెక్కించారు. తర్వాత ఆ ఆఖరి గొట్టంలో గడ్డకట్టి ఉన్న కణాలను కరిగించారు. కణాల్లో సగానికి పైగా అప్పటికే చచ్చిపోయాయి. మిగిలినవి గిన్నె అంచున బిక్కుబిక్కుమంటూ అతుక్కున్నాయి. నా చేతుల్లో ఉన్నది ఒక్కటే పని, వేడి ఒక్క పిసరు కూడా తప్పకుండా చూసుకోవడం. అది చేశాను. గదిలోకి ఎవరు అడుగుపెట్టినా వకుళ కోటు మార్పించేది, చేతులు కడిగించేది. అందరూ ఆమెను అత్తగారు అని పిలవడం మొదలుపెట్టారు. పిలుచుకోనీ, నా కణాలు బతికాయి.

అవి గుంపులు కట్టాయి, నరాలయ్యాయి, తోకలు చాచి పక్కనున్న కండను అందుకున్నాయి. ఒకరోజు మైక్రోస్కోప్ తెర మీద ఆ కండ చటుక్కున అదిరింది. ఓదెలు నరం చెప్పిన మాట ఓదెలు కండ వింది! అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. సగం గిన్నెల్లో మందు, సగంలో ఉత్త ద్రవం. ఏది ఏదో వకుళకి తెలియకుండా గుర్తులు వేసింది ఫణికుమారే, తెలిస్తే కన్ను ఆశపడుతుందని. రోజులు గడిచేకొద్దీ కొన్ని గిన్నెల్లో అదురు ఆగిపోయింది. కొన్నిట్లో ఆగలేదు. గుర్తులు విప్పి చూస్తే ఆగనివన్నీ మందు వేసినవే.

ఫణికుమార్ ముఖంలో నవ్వు కనిపించింది గానీ, నోటితో మాత్రం "మళ్లీ చెయ్యి" అన్నాడు. చేసింది. మళ్లీ అదే వచ్చింది. కణాలనూ మందునూ ఇంకో ప్రయోగశాలకు పంపితే వాళ్లకూ అదే వచ్చింది. నాకు కాళ్లుంటే ఆ రోజు గంతులేసేదాన్ని.

తర్వాత ఒక మధ్యాహ్నం సమ్మక్క ఓదెలును చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. అతని చేతులు ఒళ్లో కదలకుండా ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది. వకుళ నాలోంచి ఒక గిన్నె తీసి తెర మీద చూపించింది. సన్నటి కండపోగు టకటకా కొట్టుకుంటోంది.

"గా కండ... నాదేనా?"

"మీదే ఓదెలన్నా. నరమూ మీదే, కండా మీదే. కానీ ఒక మాట, ఈ మందు మనుషులకి ఇవ్వాలంటే ఇంకా చాలా పరీక్షలు దాటాలి. మీ దాకా వస్తుందని మాటివ్వలేను."

ఓదెలు తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "నాకు అందకుంటే... నా ఎనకొచ్చెటోనికి అందుతది. నా ఒంట్ల ఓడిన మేడమ్... ఈడ గెలిచిన."

ఫణికుమార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సమ్మక్క మాత్రం మొగుడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అతని చొక్కా చెయ్యి మెల్లగా పైకి మడిచింది.

"ఇంక కావాల్నంటే ఈ చేతిది తీస్కోండ్రి మేడమ్" అంది.

వకుళ వంగి ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత కోటు మార్చుకుని, చేతులు కడుక్కొచ్చి, కొత్త గిన్నెల కోసం నా పై అర ఖాళీ చేసింది.