తునికాకు బొగ్గు

బుజ్జమ్మ పెరట్లోని బావికి గండం వచ్చింది. బాన్సువాడ శివారులో వడ్లు ఉడకబెట్టే మిల్లు పెట్టి, మురికినీళ్లు బయటికి వదలడం మొదలైనప్పటి నుంచి బావి నీళ్లు మురిగిన కుడితి వాసన కొడుతున్నాయి. తాగడానికి నల్లా ఉంది కానీ, స్నానాలకూ బట్టలకూ బావే దిక్కు. కొడుకు పండరి విసిగిపోయి, బావిని పూడ్చి ఆ జాగాలో కిరాయికి గది కట్టిస్తానన్నాడు. వచ్చే వారం పూడ్చడానికి మొరం మట్టి తెమ్మని ట్రాక్టర్ సంపత్‌కు చెప్పేశాడు కూడా. చనిపోయిన పెనిమిటి తన చేతులతో తవ్విన బావి అది. బుజ్జమ్మకు అన్నం సయించలేదు.

"అత్తమ్మా, బొగ్గుతోటి వాసన గుంజొచ్చు" అంది కోడలు సౌమ్య. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన పిల్ల. "మనింట్ల ఆకు చెత్తకేం తక్కువ?"

బుజ్జమ్మ ఇంట్లో చుట్టే బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలను గాలి చొరకుండా మూసిన డబ్బాలో కాల్చారు. ఆ బొగ్గును నిమ్మరసంలో నానబెట్టి, మళ్లీ కాల్చి, కడిగారు. కంటికి కనబడని బెజ్జాలు పడితేనే అది వాసనను పట్టుకుంటుందట. అడుగున చిల్లులున్న కుండలో ఇసుక మీద దాన్ని పరిచి బావి నీళ్లు పోశారు.

తేటగా దిగిన నీళ్లతో పండరి మొహం కడుక్కుని ముక్కు చిట్లించాడు.

"అవ్వా, బీడీ తాగినోని నోట్ల మొహం వెట్టినట్టుంది. ఇగ బంద్ చెయ్యి."

బుజ్జమ్మ ఆలోచనలో పడింది. ఆకు కత్తిరించేదీ, తంబాకు నింపి చుట్టేదీ ఒకే చాప మీద. ఊడ్చేది మాత్రం పొద్దుగూకాక ఒక్కసారే. ఆకుముక్కలతో పాటు తంబాకు దుమ్ము కూడా డబ్బాలో పడింది. మర్నాడు తంబాకు మూట విప్పకముందే ఆకుముక్కలు ఎత్తి పక్కన పెట్టింది.

రెండో బొగ్గు నీళ్లతో మొహం కడిగి, పండరి అరచేతులు మళ్లీ మళ్లీ వాసన చూసుకున్నాడు.

"మంచిగనే ఉన్నయి. గని ఎన్ని దినాలు? బొగ్గు కడుపు నిండితే?"

"నిండుతది బిడ్డా. మళ్ల కాల్చాలె. గీ కుండ బాయిని బాగుచెయ్యదు, నాకెర్కే. మిల్లోడు గా నీళ్లు ఇడుసుడు ఆపాలె. బాయి పూడిస్తే రేపు ఆన్ని ఏం చూపిచ్చి అడుగుతవ్? మీ బాయేది అంటడు."

"గదే మాట మిల్లోనికి గూడ చెప్పు అత్తమ్మా" అని సౌమ్య నవ్వింది.

పండరి ఒక చేద బావి నీళ్లు తోడి వాసన చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు.

"సంపతన్నా, మొరం వద్దు. ఖాళీ డ్రమ్ములేసుకొని రా. మా బాయి నీళ్లు మిల్లుకాడికి కొంచపోయేదుంది."