ఇరవయ్యో మంచం

పదిహేడో మంచం మీద పెద్దాయన వెల్లకిలా పడుకుని, కాళ్లు బారజాపి, కళ్లు మూసుకున్నాడు. చెప్పులు కింద, చేతికర్ర పక్కన. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"దివ్యంగా ఉంది. ఇంకా బెత్తెడు మిగిలింది."

వడ్రంగి తలూపాడు. ఇరవై మంచాలూ ఆ చేతికర్ర కొలతకే చేశాడు. రెండు కర్రల పొడవు. కొలత ఇచ్చింది పెద్దాయనే.

తెల్లారితే ఈ బంగళా ఆసుపత్రి. తండ్రి నుంచి వచ్చిన ఏడూళ్ల పొలంలో ఐదూళ్లది దీనికే రాసిచ్చేశాడు. తెల్లదొర మెచ్చి పంపిన పతకాన్ని, గాలికి కిటికీ రెక్క కొట్టుకోకుండా భార్య అడ్డం పెట్టింది. ఆయనకది ముచ్చటగానే ఉంది. మంచాల సంగతి మాత్రం ఎవరికీ వదల్లేదు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు, ఎత్తుకుని పెంచిన ఆయా జ్వరంతో ఈ వరండాలోనే గోనెపట్టా మీద చనిపోయింది. అప్పుడు లోపల పదకొండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి ఇమ్మని నాన్నతో ఎవరూ అనలేదు.

దుప్పట్ల దొంతరతో భార్య వచ్చింది.

"ఏమండీ, ఊళ్లోవాళ్లంతా మీ అంతే ఉంటారా?"

"అంటే?"

"మన పెళ్లి ఫొటోలో మీరు పీట మీద నిలబడ్డారు. నేను నేల మీద."

"నలభై ఏళ్లు దాచి, చివరికి వడ్రంగి ముందా చెప్పడం?"

"దాచేదేముంది? ఫొటో హాల్లోనే వేలాడింది. పీట కాళ్లు కూడా అందులో పడ్డాయి."

వడ్రంగి నవ్వాపుకోవడానికి గోడవైపు తిరిగాడు. పెద్దాయన కిటికీలోంచి బండివాణ్ని కేకేశాడు. ఎత్తు చూసి అందరూ అతన్ని నిట్రాట అంటారు. పడుకోమంటే బెదురుతూ పడుకున్నాడు. మడమలు చివరి పలకకు తన్నుకుని మోకాళ్లు పైకి లేచాయి.

"హాయిగా ఉందా?"

"ఉంది బాబయ్యా," అన్నాడు నిట్రాట, మెడ వంకర పెట్టుకుని.

భార్య దుప్పటిలో మొహం దాచుకుని నవ్వింది. పెద్దాయన నవ్వలేదు. వడ్రంగి వైపు తిరిగాడు.

"ముందే చెప్పొచ్చుగా నువ్వు?"

"తమరు దివ్యంగా ఉందంటే, లేదని నేనెలా అనేది బాబూ?"

ఆయన వరండాకేసి చూశాడు.

"అనాలి. లేకపోతే నేనూ మా నాన్నలాగే బతికినట్టు. ఊడదియ్ ఆ పలకలు. నిట్రాటని కొలువు."

పొద్దంతా మంచాల చివర బల్లముక్కలు జోడించారు. పెద్దాయన చొక్కా చేతులు మడిచి, ప్రతి బల్లా కదలకుండా పట్టుకున్నాడు. దీపాలు పెట్టేవేళకు పంతొమ్మిది పూర్తయ్యాయి. కలప అయిపోయింది.

"ఇది ఉండనీ, నాకు సరిపోతుంది," అంటూ ఇరవయ్యో మంచం తలవైపు కర్ర తగిలించి నడుం వాల్చాడు.

"రోగులకన్నా ముందే చేరిపోయారా?" అంది భార్య.

"మొదటి చీటీ నాదే. కాసిని మంచినీళ్లియ్యి."

ఆవిడ గ్లాసుతో తిరిగొచ్చి రెండుసార్లు పిలిచింది. ఛాతీ మీద చెయ్యి వేసి చూసింది. ఊపిరి లేదు. గ్లాసు కింద పెట్టి, ఆయన చెప్పులు రెండూ పక్కపక్కనే సర్ది, మంచం పక్కన నేలమీద కూర్చుంది.

ఆసుపత్రి తెరవడానికి రెండు రోజులు ఆగుదామన్నారు అందరూ. ఆవిడ ఒప్పుకోలేదు. తెల్లవారకముందే ఆయన్ని సాగనంపి, పొద్దున్నే తలుపులు తెరిపించింది. పొడుగైన మంచాల మీద పొడుగైనవాళ్లు కాళ్లు చాపుకున్నారు. పొట్టి మంచం మీద జ్వరంతో ఉన్న ఆరేళ్ల పిల్లను పడుకోబెట్టారు. ఆ పిల్ల తలవైపు, నిన్న తగిలించినచోటే, చేతికర్ర వేలాడుతోంది.